వాడరేవు రోడ్డు (167ఏ జాతీయ రహదారి) ఎక్కడిదాకా వచ్చింది? మా డొంక మీద కట్ట పోశారు, మీ ఊళ్ళ దగ్గర ఎట్టా ఉంది?

రేగడి_రైతు #1
పర్చూరుకి చీరాలకి మధ్యలో మా పొలం. నాలుగెకరాల చెక్క, కొత్త రోడ్డు దాని మధ్యలో నుంచి పోయింది. ఇటు ఎకరంపావు మిగిలింది, అటు రెండెకరాలు, మిగతా ముప్పావు రోడ్డు కిందకి. డబ్బులు పడ్డాయి, రోడ్డు వద్దని నేను ఏనాడూ అనలా, మా నాన్నే ముందు సంతకం పెట్టాడు. నా బాధ వేరే. మా తాతల కాడ్నుంచి బండ్లు తోలిన డొంక ఒకటి ఉంది, దాని మీద అడ్డంగా కట్ట పోసేశారు. ఎదురుగా కనపడే నా రెండెకరాలకి పోవాలంటే రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతన్నా. అది కూడా ఓర్చుకోవచ్చు. మొన్న వానకి నీళ్ళు కట్టకి పడమటి పక్కే ఆగిపోయి శనగ అయిదు రోజులు నీళ్ళలో నానింది, పీకి చూస్తే వేరు నల్లగా మెత్తబడి చేతికి వచ్చేసింది. తూము లేదా అంటే ఉంది, కానీ పల్లంలో కాదు, మెరకలో పెట్టారు! అడిగితే డ్రాయింగులో అక్కడే ఉందండీ అంటారు. పిడుగురాళ్ల నుంచి వాడరేవు దాకా ఈ రోడ్డు మీద ఉన్నోళ్ళు ఎవరైనా ఉంటే మీ దగ్గర పని ఎంతవరకు వచ్చిందో, ఇట్టాంటిది మీకు జరిగితే ఏం చేశారో చెప్పండి.

బీచ్_బ్యాచ్_హైదరాబాద్ #2
మేం నెలకోసారి వస్తాం వాడరేవుకి, రామాపురానికి. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల దాకా రోడ్డు బాగుంటుంది, నకరికల్లు దాటాక మొదలవుద్ది అసలు కథ. ఒకచోట కొత్త సిమెంటు వంతెన ఎక్కుతాం, దిగంగానే పాత గతుకుల్లోకి డైవర్షన్, మళ్ళీ కొత్తది. రాత్రిపూట బోర్డు కూడా కనపడదు. మొత్తం ఎప్పటికి అయిపోద్ది, ఎవరికైనా తెలుసా?

పేట_కుర్రోడు #3
ఏ పేట అని అడక్కండి, నరసరావుపేట. మా వైపు బైపాసు కట్ట బాగానే లేచింది. పొలాల్లో కట్ట పోసుకుంటా పోవటం తేలికే, ఆగేదంతా రైలు పట్టాల దగ్గర, కాలవల దగ్గర, ఊళ్ళ దగ్గర. అందుకే ముక్కలు ముక్కలుగా కనపడతది.

రేవు_ఆటో #4
వాడరేవులో ఆటో నడుపుతా. పొద్దున నాలుగింటికి పడవలు వస్తాయి, అయిదింటికల్లా ఐసు పెట్టి బాక్సులు కట్టాలి. చీరాల ఊళ్ళోకి పోయి రైలు గేటు దగ్గర ఇరుక్కుంటే ఐసు కరిగి బాక్సు కింద నీళ్ళు కారతా ఉంటాయి, వెనకోడు హారన్ కొడతా ఉంటాడు. రైతన్న బాధ నాకు అర్థమయింది, కానీ మాకు మాత్రం ఈ రోడ్డు ఎంత తొందరగా వస్తే అంత బతుకు. ఒక్క అరగంట కలిసొస్తే వంజరం చేప రేటే మారిపోద్ది.

సైటు_ఇంజనీరు #5
#1కి. నేను ఈ రోడ్డు మీద పనిచెయ్యట్లేదు, వేరే జిల్లాలో ఇట్టాంటి పనే చేస్తున్నా, అందుకని తెలిసింది చెప్తా.

పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు అంతా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు ఇస్తది, బెత్తెడు కర్ర పెడితే దిగిపోద్ది. వానాకాలం ఉబ్బుద్ది. ఆ ఉబ్బి కుంగే నేల మీద నేరుగా తారు వేస్తే మూడేళ్ళలో రోడ్డు అలలు అలలుగా అయిపోద్ది, పాత పర్చూరు రోడ్డు మీద పోయినోళ్ళకి తెలుసు ఆ ఊగుడు. అందుకని గ్రావెల్ తెచ్చి పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి రోలర్ తొక్కించి, పైన కనీసం అర మీటరు మంచి గ్రావెల్ వేసి అప్పుడు కంకర, ఆ పైన తారు. కట్ట ఎత్తుగా రావటానికి ఇదొక కారణం, వరద మట్టం రెండోది. కట్ట పోసి కొన్ని నెలలు వదిలేసినా పని ఆగిపోయిందనుకోవద్దు, వంతెనల పక్కన అట్టా వదిలితేనే అది కుంగేదేదో ముందే కుంగుద్ది.

ఇక తూము సంగతి. పొలాల్లో నీళ్ళు ఒక కాలవ వెంట రావు, పరుచుకుని వస్తాయి. పడమట నుంచి తూరుపుకి, సముద్రం వైపు. ఈ రోడ్డు ఆ వాలుని ఏటవాలుగా కోసుకుంటా పోతంది. పాత రోడ్డు నేల మట్టంలో ఉండేది కాబట్టి ఎక్కువ వాన వస్తే నీళ్ళు దాని మీద నుంచి పొర్లి పోయేవి. ఇప్పుడు పొర్లటానికి లేదు, తూము ఉన్నచోటే దారి. అందుకే కాలవలు ఉన్నచోటే కాకుండా మధ్యలో కూడా, నీళ్ళు రెండు పక్కలా సమానంగా ఉండేటట్టు తూములు పెట్టాలి. సర్వే ఎండాకాలంలో చేసినోళ్ళకి పల్లం సరిగా కనపడదు, వానలో ఒక్కసారి నడిస్తే కనపడుద్ది.

రేగడి_రైతు #6
ఇంజనీరు గారు మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందే, అప్పుడు మా ఊళ్ళో పెద్దాయన ఒకాయన గట్టు మీద నిలబడి చూపించాడు, నీళ్ళు ఇదిగో ఇక్కడి నుంచి దిగుతాయి, ఇక్కడ తూము పెట్టమని చెప్పండిరా అని. అప్పటికి కట్ట పూర్తి కాలా. మేం నోటితో చెప్పాం, కాగితం మీద రాసి ఇవ్వలా. అదే మేం చేసిన తప్పు.

పచ్చజెండా #7
ఒక మాట అంటే కోపం తెచ్చుకోవద్దు. పోర్టు లేని తీరానికి ఫోర్ లైన్ దేనికి? వాన్‌పిక్ అని పోర్టుల, పరిశ్రమల ప్రాజెక్టు ఒకటి, 2008లో ఒప్పందం చేసుకున్నారు, వాడరేవు, నిజాంపట్నం పోర్టులన్నారు, వేల ఎకరాలు పోయినయ్, పోర్టు రాలా. మిర్చి గుంటూరు యార్డుకి పోవాలి, పొగాకు ఒంగోలుకి పోవాలి. తీరం వైపు పోయే సరుకేంది? శని ఆదివారాలు హైదరాబాదు కార్లు తప్ప?

బీచ్_బ్యాచ్_హైదరాబాద్ #8
మేం వస్తే మీ ఊళ్ళో టిఫిన్ తింటన్నాం, రూములు తీసుకుంటన్నాం అన్నా. అది కూడా సరుకే అనుకో.

రేవు_ఆటో #9
#7 అన్నా సరుకు మా దగ్గర ఉంది, పోయే దారే లేదు. రొయ్యలు, చేపలు, పీతలు. వాడ అంటే ఓడ, వాడరేవు అని పేరెట్టింది ఊరకే కాదు, మా ముత్తాతల కాలంలో ఇక్కడ ఓడలు ఆగేవంట. లైట్‌హౌసు ఇప్పటికీ ఉంది. ఫిషింగ్ హార్బర్ జాబితాలో కూడా మా ఊరు పేరు ఉంది, అది వస్తే ఈ రోడ్డు లేకుండా ఏం చేసుకోవాలి?

చీరాల_మగ్గం #10
అటు ఇటు కాకుండా మధ్యలో మాది. బైపాసు వచ్చాక ఊళ్ళోకి బండ్లు రావు, కుప్పడం చీరలు కొనుక్కునే పాసింజర్లు తగ్గుతారని మా షాపులోళ్ళ భయం. నాకైతే ఆ భయం లేదు, చీర కావాల్సినోళ్ళు బైపాసు దిగి వస్తారు. నా భయం నీళ్ళే. మావి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి కాళ్ళు అందులో పెట్టి నేస్తాం. గట్టి వాన పడితే గుంటలోకి ఊట వచ్చుద్ది, పది పదిహేను రోజులు పని బంద్. ఎగువ నుంచి వచ్చే మురుగు ఇప్పటికే కొమ్మమూరు కాలవ, రొంపేరు డ్రెయిను దాటి పోలేక ఎనక్కి తంతంది. ఇప్పుడు రోడ్డు కట్ట ఇంకోటి అడ్డం వస్తే ఎట్టా అని.

సైటు_ఇంజనీరు #11
#10 మీ భయం నిజమైందే, కానీ ఒకటి ఉంది. కాలవ మీద, డ్రెయిను మీద కట్టే వంతెనలకి ఇరిగేషన్ వాళ్ళ ఒప్పుదల ఉండాలి, నీటి లెక్క వాళ్ళే ఇస్తారు, కాబట్టి అక్కడ మరీ ఇరుకు చెయ్యరు. పేరు లేని పల్లాల్లోనే తప్పు జరుగుద్ది. మ్యాపులో గీత ఉండదు, రికార్డులో డొంక అని ఉంటది, వానాకాలం అదే వాగు.

ఇంకొల్లు_డల్లాస్ #12
నేనున్నది డల్లాస్‌లో అయినా పొలం అక్కడే, అమ్మానాన్న అక్కడే. వీడియో కాల్‌లో నాన్న కట్ట ఎక్కి చూపించాడు, ఇటు చూస్తే చింతచెట్లు అటు చూస్తే ఆకాశం. ఎకరం రేటు పెరిగిందని అందరూ సంబరపడతన్నారు గానీ నాన్న మాత్రం "రేటు అమ్మేవోడికిరా, నాకెందుకు, నేను దున్నేవోణ్ణి" అన్నాడు.

గురజాల_బుల్లెట్ #13
ఆ మాట ఫ్లెక్సీ కొట్టించి ప్లాట్ల బోర్డుల పక్కన కట్టాలి అన్నా. పిడుగురాళ్ల నుంచి రేవు దాకా ఎక్కడ చూసినా జెండాలు పాతిన వెంచర్లే.

రికార్డుల_అక్క #14
మా ఆయన తరఫు భూమి రోడ్డులో పోయింది కాబట్టి కాగితాలన్నీ నేనే తిరిగి చూసుకున్నా. రేగడి తమ్ముడూ, జాగ్రత్తగా చదువు.

జాతీయ రహదారుల చట్టం 1956లో 3ఏ నోటిఫికేషన్ అంటే తీసుకోబోతున్నాం అని. అది వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వాలి. 3డి అయితే భూమి ప్రభుత్వానికి వెళ్ళిపోయినట్టే. 3జి అంటే డబ్బు లెక్క. ఈ లెక్కలో అందరూ ఎకరం రేటు ఒక్కటే చూస్తారు. అదే 3జిలో 7వ సబ్‌సెక్షన్ ఉంది, ఒకే పొలం రెండు ముక్కలైపోయి మిగిలిన దానికి నష్టం జరిగితే అది కూడా లెక్కలోకి తీసుకోవాలి అని స్పష్టంగా రాసుంది. నీది అచ్చంగా అదే కేసు. దారి, నీటి కాలవ లాంటి అనుభవ హక్కు పోయినోళ్ళకి 10 శాతం అనే మాట కూడా ఆ సెక్షన్‌లోనే 2వ సబ్‌సెక్షన్‌లో ఉంది. డబ్బు తీసుకున్నంత మాత్రాన నోరు మూసుకోవాల్సిన పని లేదు, ఇచ్చింది చాల్లేదంటే 5వ సబ్‌సెక్షన్ కింద ఆర్బిట్రేటర్ (తగువు తీర్చే అధికారి) దగ్గరకి పోవచ్చు, మన దగ్గర అది మామూలుగా కలెక్టరు గారే.

గురజాల_బుల్లెట్ #15
అక్కా సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది కదా, తర్సేమ్ సింగ్ కేసు, దాంట్లో ఎక్కువ డబ్బులు వస్తాయంట?

రికార్డుల_అక్క #16
2019 సెప్టెంబరులో వచ్చింది ఆ తీర్పు. అది పాత సేకరణల గురించి, 1997 నుంచి 2014 ఆఖరు దాకా హైవేల కింద పోయిన భూములకి సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు రేటు మీద అదనంగా ఇచ్చేది), వడ్డీ లేకుండా ఇచ్చారని. 2015 జనవరి 1 నుంచి హైవేలకి కూడా 2013 భూసేకరణ చట్టం ప్రకారమే పరిహారం, 100 శాతం సొలేషియం అందులోనే కలిసి ఉంది. 167ఏ వాళ్ళకి ఆ తీర్పుతో పని లేదు. వాట్సాప్‌లో తిప్పి రైతుల్ని లాయర్ల చుట్టూ తిప్పకండి.

రేగడి_రైతు #17
అక్కా దణ్ణం. ముక్కలైన నష్టం సంగతి మాకు ఎవరూ చెప్పలా. కానీ నాకు డబ్బు కంటే దారి కావాలి. డబ్బు ఒకసారి వచ్చుద్ది, ఖర్చయిపోద్ది. దారి నా కొడుకు కూడా నడవాలి.

కొండ_ప్రభ #18
దారి అంటే మాదీ వినండి. శివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు (బండి మీద నిలబెట్టే ఎత్తైన అలంకారపు చట్రాలు) కట్టుకుని పోతాం. చిలకలూరిపేట వైపు నుంచి పురుషోత్తమపట్నం, కావూరు ప్రభలు ఎంత ఎత్తో చూసినోళ్ళకి తెలుసు. ప్రభ కదిలే రోజు కరెంటోళ్ళే ముందు నడిచి వైర్లు దించుతారు, ప్రభ దాటాక మళ్ళీ కడతారు. వైరు దించొచ్చు, ఫ్లైఓవర్‌ని ఎవరు దించుతారు? ప్రభ వంతెన కింద దూరదు, ఇరుసు విరక్కుండా కట్ట ఎక్కి దిగలేదు. మా ఊళ్ళో పెద్దలంతా ముందే కూర్చుని, ప్రభలు దాటే చోట రోడ్డు నేలమట్టంలో ఉండాలి, మధ్య డివైడరు తీసి పెట్టుకునేటట్టు ఉండాలి అని రాసిచ్చాం. చేదుకో కోటయ్యా చేదుకో అంటా పోయే జనాన్ని ఏ ఆఫీసరూ ఆపలేడు గానీ, మేం ముందు రాసివ్వకపోతే వాళ్ళకి తెలిసేది కూడా కాదు.

పచ్చజెండా #19
ఇది మాత్రం మెచ్చుకోవాల్సిన పని. #6లో రైతన్న చెప్పిన తప్పు వీళ్ళు చెయ్యలా.

సైటు_ఇంజనీరు #20
ఎత్తుల మాట వచ్చింది కాబట్టి. ఊరి రోడ్డుకి కట్టే పెద్ద అండర్‌పాసు ఎత్తు 5.5 మీటర్లు. చిన్న బండ్లకని కట్టేది 4 మీటర్లు. మీ డొంకకి ఏదన్నా ఇస్తామంటే ముందు ఎత్తు అడగండి. ట్రాక్టరు ఒక్కటే పోతే చాలనుకుంటారు, వరిగడ్డి లోడు వేశాక, జొన్నచొప్ప లోడు వేశాక ఎంత ఎత్తు ఉంటదో కొలిచి చెప్పండి. ఒకచోట నేను చూశా, అండర్‌పాసు బాగానే కట్టారు, గడ్డి ట్రాక్టరు పైకప్పుకి రాసుకుని సగం లోడు అక్కడే రాలుద్ది, రోజూ ఎవరో ఒకరు పోగుచేసుకుంటా ఉంటారు. ఇంకోటి, అండర్‌పాసు నేల మట్టం కంటే లోతుగా తవ్వితే వానాకాలం అది చెరువు. రేగడిలో ఆ నీళ్ళు ఇంకవు కూడా.

పేట_కుర్రోడు #21
రైలు వంతెనల దగ్గర ఆలస్యం ఎందుకో కూడా చెప్పండి సార్. చీరాల దగ్గర అందరూ అదే అడుగుతున్నారు.

సైటు_ఇంజనీరు #22
చీరాల మీద పోయేది విజయవాడ - చెన్నై మెయిన్ లైను. దాని మీద గర్డరు ఎక్కించాలంటే రైళ్ళు ఆపి గంటో రెండు గంటలో బ్లాక్ ఇవ్వాలి. అంతకు ముందు డ్రాయింగు రైల్వే వాళ్ళు ఒప్పుకోవాలి, అది టేబుళ్ళు మారటానికే నెలలు. పట్టాలకి రెండు పక్కలా కట్ట తయారైపోయి మధ్యలో ఖాళీ కనపడుద్ది, జనం కాంట్రాక్టరు పారిపోయాడు అంటారు. అన్నిసార్లూ అది నిజం కాదు.

రేవు_ఆటో #23
చివరి ముక్క, అంటే ఊరు దాటి మా రేవు దాకా, అది ఇంకో తంటా. అంతా ఇసక. సరుగుడు తోటలు, జీడిమామిడి, మధ్య మధ్యలో దొరువులు. దొరువు అంటే తెలియనోళ్ళకి, ఇసకలో నిలువులోతు గుంట తీస్తే పైన తేలే మంచినీళ్ళు, ఆ నీళ్ళని కుండలతో చల్లి ఆకుకూరలు, వంగ, మిరప నారు పెంచుతారు మావాళ్ళు. దాని కింద ఉప్పునీళ్ళే. దొరువు పూడ్చి రోడ్డేస్తే ఆ మడి అంతటితో పోయినట్టే, ఇంకొంచెం లోతు తవ్వితే ఉప్పు తగులుద్ది.

పచ్చజెండా #24
ఆ ముక్కలో సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాల మీద ఉండే నిబంధనలు) కూడా చూడాలి. పోటు నీళ్ళు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా ఆ పరిధి, పర్మిషన్ లేకుండా చెయ్యకూడదు. రోడ్డు రేవు దాకా రావాలంటే అది తప్పదు. నేను #7లో అడిగింది రోడ్డు వద్దని కాదు, రేవు_ఆటో చెప్పాక నాకూ కొంచెం అర్థమయింది, బాక్సులు కారే సంగతి నేనెప్పుడూ ఆలోచించలా. కానీ పని మొదలెట్టేముందు దొరువుల లెక్క ఎవరైనా రాశారా?

రేవు_ఆటో #25
మా ఊరోళ్ళమే నలుగురం కూర్చుని రాస్తాం అన్నా. మీరు అడిగాక అది మా పనే అనిపిస్తంది. ఈసారి వస్తే మా ఇంటికి రండి, పీతల కూర వండిస్తా, అప్పుడు కూడా ఈ రోడ్డు దండగ అంటే చూస్తా.

ఇంకొల్లు_డల్లాస్ #26
నాకు పంపించటం కుదరదా అన్నా ఆ పీతలు 😄

చీరాల_మగ్గం #27
ఇక్కడ ఒకటి కనపడతంది. నాకు నీళ్ళు, రైతన్నకి డొంక, ప్రభలోళ్ళకి ఎత్తు, రేవోళ్ళకి దొరువు. ఎవరికి వాళ్ళం ఆఫీసుకి పోతే "మీ ఒక్కరి సమస్యే" అంటారు. తారు పడక ముందు అడిగితే ఒక తూముతో పోయేది, తారు పడ్డాక అడిగితే రోడ్డు కొయ్యాలి, ఎవడూ కొయ్యడు. ఎనిమిదేళ్ళ కింద మా వీధిలో సిమెంటు రోడ్డు ఎత్తుగా వేశారు, ఇళ్ళు కిందకి అయిపోయినయ్, ఇప్పటికీ వాన పడితే మా అమ్మ చాటతో నీళ్ళు తోడుద్ది.

బీచ్_బ్యాచ్_హైదరాబాద్ #28
నిజం చెప్పాలంటే నేను ఎప్పటికి అయిపోద్ది అని మాత్రమే అడగటానికి వచ్చా. పోయినసారి పర్చూరు దాటాక ఇంకా తెరవని కొత్త రోడ్డు మీద ఒక లైను మొత్తం మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి, ఎర్రగా అర కిలోమీటరు. ఒక ముసలామె పట్టా అంచు మీద రాళ్ళు పెడతా కూర్చుంది. మా వాడు ఫొటో తీసుకుంటే "తీసుకో నాయనా, రేపు కార్లు వస్తే మాకు ఈ కల్లం ఉండదుగా" అంది. ఆ మాట అప్పుడు నవ్వుకుంటా విన్నాం. మీ పోస్టులు చదివాక వేరేగా ఉంది.

రికార్డుల_అక్క #29
తమ్ముడూ రేగడి, ఇట్టా చెయ్యి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఒక్కడివే పోవద్దు, ఆ డొంక వాడే రైతులందరి సర్వే నంబర్లు, సంతకాలు ఒకే కాగితం మీద పెట్టు. గ్రామ పటం (ఒక్కో సర్వే నంబరుకి ఉండే ఎఫ్ఎంబీ కొలతల పటం కాదు, ఊరి మొత్తం పటం) నకలు తీసుకుని డొంక ఎక్కడి నుంచి ఎక్కడికో ఎర్ర గీత గియ్యి. తూము ఎక్కడ ఉంది, నీళ్ళు ఎక్కడ ఆగినయ్, రెండిటి మధ్య దూరం ఎంతో రాయి. ఒక కాపీ హైవే ప్రాజెక్టు ఆఫీసుకి, ఒక కాపీ ఇరిగేషన్ డీఈ గారికి. రసీదు తీసుకోకుండా ఇంటికి రావద్దు. ముక్కలైన నష్టం అర్జీ దీంతో కలపొద్దు, అది విడిగా.

సైటు_ఇంజనీరు #30
ఇంకొకటి చేర్చండి. మీ దగ్గర తారు ఇంకా పడలేదంటున్నారు కాబట్టి అదనపు తూము పెట్టటం కష్టమేం కాదు, కట్ట ఆ కాస్త తవ్వి పైపు దించి మళ్ళీ పొరలు తొక్కిస్తారు. "చేంజ్ ఆఫ్ స్కోప్" (ఒప్పుకున్న పనిలో మార్పు) అనే మాట వాడండి అర్జీలో, వాళ్ళ ఒప్పందంలోనే ఆ వీలు ఉంటది. నీళ్ళు ఆగినప్పటి ఫొటోలు తేదీతో సహా ఉన్నాయా?

రేగడి_రైతు #31
ఉన్నయ్ సార్. నీళ్ళు తీశాక కట్టకి బురద గీత పడింది, అది ఇంకా చెరగలా, నా మోకాలి పైకి ఉంది. రేపు తెల్లారి టేపు తీసుకుని పోయి తూము అడుగు నుంచి ఆ గీత దాకా కొలిచి ఫొటో పెడతా. మా డొంక మీద పద్నాలుగు మంది రైతులం, తొమ్మిది మంది ఇప్పటికే సరే అన్నారు. కొండ_ప్రభ అన్నా, మీరు రాసిచ్చిన అర్జీ కాపీ ఒకటి పంపితే ఎట్టా రాయాలో చూసుకుంటా.

కొండ_ప్రభ #32
పంపిస్తన్నా. మొదటి పేజీలో ఊరోళ్ళ వేలిముద్రలు ఉన్నయ్, అవి కనపడకుండా చేసి పెడతా.